ఆగి ఆగి ఆడే టీవీకి తలకిందుల సలహాలు

హైదరాబాద్ పక్కనున్న జల్‌పల్లిలో రాత్రి ఎనిమిది దాటిందంటే ఇంటింటా టీవీ మోగుతూనే ఉంటుంది. ఎర్రకుంటలో ఒకింట్లో సీరియల్, ఆ పక్కింట్లో క్రికెట్. షాహీన్ నగర్, పహాడీ షరీఫ్ ఇళ్లలో రంజాన్ నెల వచ్చిందంటే మక్కా నుంచి తరావీహ్ నమాజు ప్రత్యక్ష ప్రసారం. ఒకప్పుడు ఇవన్నీ మేడమీది డిష్షు నుంచో, లావుపాటి నల్ల కేబుల్ నుంచో వచ్చేవి. ఇప్పుడు కిటికీలోంచి దూరి వచ్చిన సన్నటి ఫైబర్ తీగ, టీవీ కింద అరచేతంత బాక్సు, అంతే. అన్నీ బాగానే ఉంటాయి. సరిగ్గా వికెట్ పడేటప్పుడో, దువా చదివేటప్పుడో తెర మధ్యలో గుండ్రం గిర్రున తిరగడం మొదలవుతుంది.

అప్పుడు దొరికే సలహాలన్నీ ఒకే తోవలో ఉంటాయి. "ప్లాన్ పెంచుకో అన్నా, అంతా సెట్ అయితది" అంటాడు లైను చూసే అబ్బాయి. "4కె బాక్సు తీస్కోరాదు బావా" అంటాడు బావమరిది. పక్కింటాయన కొత్త యాప్ వేసుకోమంటాడు. ఇంకొకరు డీఎన్ఎస్ మార్చమంటారు. అందరూ ఏదో ఒకటి పెంచమనేవాళ్లే, కొనమనేవాళ్లే.

నేను చెప్పబోయేవి దానికి పూర్తిగా ఎదురు. తగ్గించండి, తీసెయ్యండి, ఆలస్యంగా చూడండి అంటాను. వినగానే తిక్క సలహాల్లా ఉంటాయి. కానీ ప్రతిదాని వెనకా కారణం ఉంది. కారణం తెలిస్తే మీ ఇంటికి ఏది పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

ముందు ఒక్క సంగతి. వీడియో మన ఇంటికి ఏకధారగా రాదు, ముక్కలుగా వస్తుంది. ఆపిల్ కంపెనీ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్ పద్ధతిలోనూ, ఆ తర్వాత ప్రమాణంగా మారిన డ్యాష్ పద్ధతిలోనూ కొన్ని సెకన్ల వీడియోను ఒక్కో ముక్కగా కోసి పంపుతారు. బాక్సు ఆ ముక్కలను కాసిని ముందే తెచ్చి దాచుకుని, దాచుకున్నదాంట్లోంచి ఆడిస్తుంది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధిలో ఇంటికి సంపు ఎలాంటిదో బాక్సుకు ఆ నిల్వ అలాంటిది. సంపులో నీళ్లున్నంతసేపూ నల్లా ఆగినా మనకు తెలియదు. అడుగంటితేనే గుండ్రం తిరుగుతుంది. కాబట్టి చూడాల్సింది ఒక్క క్షణంలో ఎంత జోరుగా వస్తోందని కాదు, గంటసేపు ఎంత నిలకడగా వస్తోందని. కింది సలహాల్లో ఎక్కువ భాగం ఈ నిలకడ కోసమే.

1. ప్లాన్ పెంచకండి, బొమ్మ తగ్గించండి

1080పి, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్స్ తన చందాదారులకు చెబుతుంది. 4కెకు 15 కావాలంటుంది. యూట్యూబ్ లెక్కలోనూ ఫుల్ హెచ్‌డీకి 5, 4కెకు 20. అంటే 40 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్న ఇంట్లో మూడు టీవీలు ఒకేసారి ఫుల్ హెచ్‌డీలో నడిచినా సగం కూడా ఖర్చు కాదు. 40లో ఆగే బొమ్మ 100లోనూ ఆగుతుంది. ఎందుకంటే జబ్బు ప్లాన్‌లో లేదు. నెలనెలా అదనంగా కట్టే డబ్బు మాత్రం పోతుంది.

ఇప్పుడు మీ టీవీ సంగతి చూద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 32 అంగుళాల 'హెచ్‌డీ రెడీ' టీవీ తెరమీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు పదిన్నర లక్షలు. 4కె బొమ్మలో ఉండేవి 83 లక్షల చుక్కలు. బాక్సు అంత బరువూ మోసుకొచ్చినా, ఈ తెరమీద పదిన్నర లక్షలకు కుదించే చూపించాలి. మీ కంటికి దక్కేది ఏమీ లేదు, లైనుమీద బరువు మాత్రం మూడింతలు.

అందుకని బాక్సు సెట్టింగ్స్‌లో 'డిస్‌ప్లే అండ్ సౌండ్' లోకి వెళ్లి రిజల్యూషన్‌ను 'ఆటో' నుంచి 1080పికి దించండి. చిన్న టీవీ అయితే 720పి అయినా ఫరవాలేదు. యాప్ లోపల కూడా క్వాలిటీ ఎంచుకునే వీలుంటే మ్యాచ్ రోజున 'ఆటో' వదిలేసి ఒక మెట్టు కింద కట్టెయ్యండి. 'ఆటో'లో ఉంటే లైను కాస్త ఖాళీ దొరకగానే బొమ్మ పైకెక్కుతుంది, రద్దీ రాగానే జారుతుంది. ఎక్కి దిగే ఆ సందులోనే చాలాసార్లు ఆగుతుంది. ఒకే మెట్టుమీద నిలబడ్డ 720పి బొమ్మ, ఊగిసలాడే 1080పి కన్నా కళ్లకు హాయి.

డేటా పరిమితి ఉన్న ఇళ్లకు ఇది మరీ ముఖ్యం. నెట్‌ఫ్లిక్స్ లెక్కన హెచ్‌డీకి గంటకు 3 జీబీ దాకా, 4కెకు 7 జీబీ దాకా అవుతుంది. రోజుకు ఐదు గంటలు 4కె చూస్తే నెలకు 1,050 జీబీ. నెలకు 1,000 జీబీ పరిమితి ఉన్న, తీగ లేకుండా గాలిలో వచ్చే కనెక్షన్‌కు ఆఖరి రోజున్నర నత్తనడకే. అదే హెచ్‌డీ అయితే 450తో సరిపోతుంది.

వేగం కొలిచే పద్ధతి కూడా మార్చండి. మధ్యాహ్నం పూట రూటర్ పక్కన ఫోను పట్టుకుని కొలిచిన అంకె టీవీకి సంబంధించింది కాదు. రాత్రి తొమ్మిదికి, టీవీ బాక్సులోనే బ్రౌజర్ తెరిచి ఫాస్ట్ డాట్ కామ్‌లో కొలవండి. కాసేపు ఆగి మళ్లీ కొలవండి. వచ్చిన పెద్ద అంకెను చూడకండి, చిన్న అంకెను చూడండి. ఆ చిన్న అంకె పది దాటి ఉంటే ప్లాన్ జోలికి వెళ్లే పనే లేదు.

2. '300' వైఫై వదిలి '100' వైరు పట్టండి

చాలా బాక్సుల వెనక ఉండే ల్యాన్ సాకెట్ 100 ఎంబీపీఎస్‌ది. వైఫై పెట్టెమీద 300 అనో, 1200 అనో రాసి ఉంటుంది. 300 వదిలి 100కు రమ్మంటే వెర్రిగానే ఉంటుంది. కానీ ఆ 300 అనేది గాలిలో సంకేతం వెళ్లగల గరిష్ఠ వేగం. దాన్ని మీ ఇంట్లో ఫోన్లన్నీ పంచుకోవాలి, పక్కింటి వైఫైతో సర్దుకోవాలి, ప్రతి ముక్కా అందిందో లేదో మళ్లీ కబురు పంపుకోవాలి. వైరులో 100 అంటే ఆ 100 ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు. మంచి 4కె సినిమాకే 20 చాలన్నప్పుడు 100 బోలెడు.

గోడకు గోడ ఆనుకున్న మన గల్లీల్లో వైఫై జాబితా తెరిస్తే ఇరుగుపొరుగు పేర్లతో తెర నిండిపోతుంది. వాటిలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్‌వి. ఆ పట్టీలో మన దేశంలో 13 చానళ్లున్నా ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. ఇన్ని ఇళ్లూ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. రాత్రి తొమ్మిదికి అందరూ ఒకేసారి చూస్తుంటే గాలిలో ఖాళీ ఎక్కడిది? అందుకే పగలు బాగా నడిచిన టీవీ రాత్రి ఆగుతుంది.

రూటర్ నుంచి టీవీ దాకా క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 వైరు లాగించండి. వంద మీటర్ల దాకా ఇబ్బంది ఉండదు, మన ఇళ్లకు పది పదిహేను మీటర్లు చాలు. కోఠి గుజరాతీ గల్లీలో రెండు కొసలకూ క్లిప్పులు బిగించిన వైర్లు దొరుకుతాయి. గుమ్మం పైనుంచి, పాత టీవీ కేబుల్ వెళ్లిన దారినే లాగితే గోడ తొలచే పనుండదు. టీవీకి గుచ్చుకునే స్టిక్ అయితే, దానికి తగిన ఈథర్‌నెట్ అడాప్టర్ విడిగా అమ్ముతారు.

అద్దె ఇల్లు, వైరు లాగే వీలు లేదంటారా? అప్పుడూ తగ్గించే మార్గమే ఉంది. రూటర్ టీవీ ఉన్న గదిలోనే ఉంటే 5 గిగాహెర్ట్జ్ పేరుకు కలపండి. అది గోడలు దాటడంలో బలహీనం, కాబట్టి పక్కింటివాళ్ల గొడవ మీ గదిలోకి తక్కువగా వస్తుంది. మధ్యలో రెండు గోడలుంటే 2.4లోనే ఉండి, రూటర్ సెట్టింగ్స్‌లో చానల్ వెడల్పును 40 నుంచి 20కి దించండి. వెడల్పు తగ్గితే అంకె తగ్గుతుంది, కానీ పొరుగువాళ్ల సంకేతంతో పేచీ కూడా తగ్గుతుంది. బాక్సును టీవీ వీపు వెనక దాచకండి. తెర వెనకాల లోహపు రేకు సంకేతానికి అడ్డం పడుతుంది. స్టిక్‌తో పాటు వచ్చే పొట్టి హెచ్‌డీఎంఐ తోకను పారెయ్యకుండా తగిలించి, స్టిక్‌ను అంచు బయటికి తెండి. బాక్సుకు యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు తగిలించి ఉంటే దాన్ని వైఫైకి దూరంగా జరపండి. దాని నుంచి పుట్టే రొద సరిగ్గా 2.4 పట్టీమీద పడుతుందని ఇంటెల్ 2012లోనే తేల్చి చెప్పింది.

3. వేగానికి మీ చేత్తోనే కళ్లెం వెయ్యండి

పెళ్లి నుంచి ఇంటికొచ్చారు. నలుగురి ఫోన్లూ వైఫై అందుకోగానే రెండు వందల ఫొటోలూ, వీడియోలూ పైకి ఎక్కడం మొదలుపెడతాయి. టీవీ కిందికి తెచ్చుకోవాలి, ఫోన్లు పైకి పంపుతున్నాయి. దారులు వేరు కదా, టీవీ ఎందుకు ఆగాలి?

ఎందుకంటే టీవీ బాక్సు కూడా 'ఈ ముక్క అందింది, తర్వాతది పంపు' అని పైకి కబురు పెడుతూ ఉండాలి. పైకి వెళ్లే దారి ఇరుకు. రూటర్ ఆ ఫొటోలన్నిటినీ తన దగ్గర వరస కట్టించి నిలబెడుతుంది. బాక్సు పంపే చిన్న కబురు ఆ వరస చివర చిక్కుకుంటుంది. కబురు ఆలస్యమైతే ముక్క ఆలస్యం. ఈ జబ్బును 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు బయటపెట్టి బఫర్‌బ్లోట్ అన్నాడు.

దీనికి మందు: రూటర్‌లో క్యూఓఎస్ లేదా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనే చోటికి వెళ్లి, మీకొచ్చే అప్‌లోడ్ వేగంలో 85 నుంచి 90 శాతానికి పరిమితి పెట్టండి. 40 వస్తుంటే 35 అని రాయండి. డబ్బు కట్టిన వేగాన్ని మనమే కోసుకోవడమేమిటని మనసొప్పదు. కానీ ఆ కాస్త ఖాళీ ఉంచితే రూటర్ దగ్గర వరస పెరగదు, టీవీ కబురు తక్షణం వెళ్తుంది. టీవీ బాక్సుకు ముందు వరస ఇచ్చే వీలుంటే అదీ ఇవ్వండి. రూటర్‌లో ఈ సౌకర్యమే లేకపోతే ఫోన్లలో ఫొటో బ్యాకప్‌ను రాత్రి పడుకునే ముందు చేసుకునేలా పెట్టుకుంటే చాలు.

4. లైవ్‌ను కావాలనే ఆలస్యంగా చూడండి

అనంత చతుర్దశి పొద్దున బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం చుట్టుపక్కల ఊళ్లన్నీ లైవ్‌లో చూస్తాయి. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం 2025లో 35 లక్షల దగ్గర ఆగింది. ఆఖరి పాట పాడేటప్పుడు గుండ్రం తిరిగితే ఎంత ఉసూరుమంటుందో చెప్పక్కర్లేదు. ఆ కంగారులో అందరూ చేసే పని, తెర కింద కనిపించే 'లైవ్' మీట నొక్కడం. దాన్ని నొక్కారంటే బాక్సు అప్పటిదాకా దాచుకున్న ముక్కలన్నీ పారేసి సరికొత్త ముక్క కోసం పరుగెడుతుంది. ఇక చేతిలో నిల్వ లేదు. మరు నిమిషంలోనే మళ్లీ ఆగుతుంది.

దానికి ఎదురు చెయ్యండి. లైవ్ పెట్టగానే ఒక అర నిమిషం పాజ్ చేసి, తర్వాత ఆడించండి. వెనక్కి జరిపే వీలున్న లైవ్‌లలో ఆ అర నిమిషం మీ నిల్వగా మిగులుతుంది. ఇంటర్నెట్ లైవ్ ఎలాగూ కేబుల్ కన్నా వెనకే ఉంటుంది. ఆపిల్ సూచించే ముక్క పొడవు 6 సెకన్లు. ప్లేయర్ మూడు ముక్కలు పట్టుకుని గానీ మొదలుపెట్టదు. దానికి తయారీ సమయం కూడా కలిస్తే సుమారు అర నిమిషం. కేబుల్ ఉన్న పక్కింట్లో సిక్స్ కేక ముందే వినబడుతుంది, ఒప్పుకుందాం. ఇంకో అర నిమిషం వెనకబడితే పోయేదేమీ లేదు, మ్యాచ్ మాత్రం మధ్యలో ఆగదు.

రంజాన్ రాత్రుల్లో ఇది నిజంగా అక్కరకొస్తుంది. మక్కా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడి తరావీహ్ ఇక్కడ అర్ధరాత్రికి దగ్గరగా మొదలవుతుంది. ఆ వేళకు ఇంట్లో సెట్టింగులు తెలిసిన పిల్లలు నిద్రలో ఉంటారు. దాదీమా ఒక్కరే టీవీ ముందు కూర్చుంటారు. ఆమెకు రిమోట్‌తో కుస్తీ పెట్టే పని లేకుండా ముందే అర నిమిషం వెనకపెట్టి ఇవ్వండి.

వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌తో చూసేవాళ్లకు ఇదే పని సెట్టింగ్స్‌లో ఉంటుంది. 'నెట్‌వర్క్ క్యాషింగ్' అనేచోట మామూలుగా 1000 మిల్లీ సెకన్లు, అంటే ఒక్క సెకను ఉంటుంది. దాన్ని 3000 నుంచి 5000 చెయ్యండి. అంతకు మించి పోనక్కర్లేదు, ఒక జీబీ ర్యామ్ ఉన్న బాక్సు నిల్వ మోయలేక అదే మొరాయిస్తుంది. గుమ్మం దగ్గరి సీసీ కెమెరాను టీవీలో చూసేవాళ్లు మాత్రం ఈ అంకె పెంచకండి. తలుపు తట్టిన మనిషి వెంటనే కనబడాలి. అక్కడ బొమ్మ చెదురుతుంటే ఆర్‌టీఎస్‌పీని టీసీపీ మీద నడిపే ఐచ్ఛికం పెట్టుకుని, కెమెరా మెయిన్ స్ట్రీమ్ బదులు సబ్ స్ట్రీమ్ తీసుకోండి.

5. 60 కన్నా 50 మేలు

వార్తా చానల్ పెట్టి తెర కింద పరుగెత్తే స్క్రోలింగ్‌ను కాసేపు చూపు తిప్పకుండా చూడండి. అక్షరాలు నూనె రాసినట్టు జారిపోతున్నాయా, లేక ప్రతి అరక్షణానికీ చిన్నగా తడబడుతున్నాయా? తడబడుతుంటే దాన్ని నెట్ మీదికి తోసేస్తాం. చాలాసార్లు నెట్‌ది తప్పు కాదు, బాక్సు బయటికి పంపే హెర్ట్జ్‌ది.

1982 ఆసియా క్రీడల ఏడాది మన దేశానికి కలర్ టీవీ వచ్చింది. అప్పుడు తీసుకున్న పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, 50 ఫీల్డులు. ఆ లెక్క నేటికీ పోలేదు. టీవీ చానళ్లు, సీరియళ్లు, క్రికెట్ ప్రసారాలు చాలామటుకు 25లోనో 50లోనో తయారవుతాయి. బాక్సు మాత్రం పుట్టుకతో 60 హెర్ట్జ్‌లో ఉంటుంది. 50 ఫ్రేములను 60 గళ్లలో నింపాలంటే సెకనుకు పది ఫ్రేములు రెండేసిసార్లు చూపించాలి. ఆ పది చోట్లా బంతి, అక్షరం, పరుగెత్తే మనిషి ఒక్క అణువు ఆగి కదులుతారు.

అందుకని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1080పి 60 తీసి 1080పి 50 పెట్టండి. స్క్రోలింగ్ మళ్లీ చూడండి, తేడా మీ కళ్లకే తెలుస్తుంది. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములవి. ఫోనుతో తీసిన యూట్యూబ్ వీడియోలు ఎక్కువగా 30, 60. కాబట్టి బాక్సులో 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' అనేది ఉంటే దాన్ని ఆన్ చేస్తే ఏది వస్తే దానికి తగ్గట్టు అదే మారుతుంది. మారేటప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, భయపడకండి. ఆ సౌకర్యం లేని బాక్సయితే మీ ఇంట్లో ఎక్కువగా ఏది చూస్తారో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. సీరియల్, వార్తలు, మ్యాచ్‌ల ఇంటికి 50. పిల్లల యూట్యూబే ఎక్కువైతే 60.

6. డాల్బీ ఆపెయ్యండి

పెట్టెమీద డాల్బీ అని ఉంది కదాని సౌండ్ సెట్టింగ్స్‌లో దాన్ని బలవంతంగా ఆన్ చేస్తాం. టీవీకి ఉన్నవి రెండు చిన్న స్పీకర్లు. కొన్ని టీవీలు ఆ సంకేతాన్ని విప్పలేక మూగబోతాయి. ఇంకొన్ని విప్పినా, మాటలు సన్నగా, నేపథ్య సంగీతం గట్టిగా వినబడతాయి. వయసు మళ్లినవాళ్లకు మాటే ముఖ్యం. సౌండ్‌బార్ లేని ఇంట్లో ఆడియోను పీసీఎం స్టీరియోకు మార్చండి. మాట తేటపడుతుంది.

7. డీఎన్ఎస్ ముట్టుకోకండి, క్లీనర్ తీసెయ్యండి

డీఎన్ఎస్‌లో నాలుగు ఎనిమిదులు కొడితే వీడియో పరుగెడుతుందని చెప్పేవాళ్లు చాలామంది. డీఎన్ఎస్ చేసేది చిరునామా వెతికిపెట్టడం వరకే, వీడియో అందులోంచి రాదు. పైగా మీ నెట్ కంపెనీ డీఎన్ఎస్ దగ్గరలోని సర్వర్ చిరునామా ఇస్తుంది. బయటిది కొన్నిసార్లు దూరపు సర్వర్‌కు పంపిస్తుంది. చిరునామా దొరక్క యాప్‌లే తెరుచుకోనప్పుడు తప్ప 'ఆటో'లోనే ఉంచండి.

బాక్సును శుభ్రం చేస్తానని చెప్పే క్లీనర్, బూస్టర్ యాప్‌లు తీసెయ్యండి. అవి వెనకాల నడుస్తూ ఉన్న కాస్త ర్యామ్‌నూ తింటాయి. రిమోట్‌మీది ఎర్ర మీట నొక్కితే బాక్సు కునుకు తీస్తుందే గానీ ఆగదు. వారానికోసారి సెట్టింగ్స్‌లోంచి 'రీస్టార్ట్' కొట్టండి. కరెంటు పోయి వచ్చాక ఏ యాప్ తెరిచినా 'కనెక్షన్ లేదు' అంటుంటే తేదీ, సమయం చూడండి. లోపల గడియారపు బ్యాటరీ లేని బాక్సు ఏనాటి తేదీలోనో లేస్తుంది. తేదీ తప్పితే భద్రతా ధ్రువపత్రాలు చెల్లక యాప్‌లు తలుపు మూసేస్తాయి. 'ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్' ఆన్ చేస్తే సరి.

8. అందమైన గుడ్డ తీసెయ్యండి

బాక్సుమీద దుమ్ము పడకూడదని కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతారు. ఎంత ప్రేమగా కప్పినా బాక్సుకు అది ఉక్కపోతే. మే నెలలో గది వేడికి గుడ్డ కూడా తోడైతే లోపలి చిప్పు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే మొదటి గంట బాగా ఆడిన సినిమా ఇంటర్వెల్ తర్వాత ఆగడం మొదలవుతుంది. గుడ్డ తీసి, బాక్సును రూటర్‌మీద నుంచి దించి, నాలుగు పక్కలా గాలి ఆడేలా పెట్టండి. దుమ్మును పొడిగుడ్డతో వారానికోసారి తుడిస్తే చాలు.

9. 'అన్నీ వచ్చే' బాక్సు వద్దు, కొన్నే వచ్చేది కొనండి

ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. ఒక్కసారి డబ్బు కడితే అన్ని చానళ్లూ, అన్ని సినిమాలూ జీవితాంతం ఉచితమని చెప్పి అమ్మే ఆండ్రాయిడ్ బాక్సులున్నాయి. పెట్టెమీద 4కె, 8కె అని పెద్ద అక్షరాలు. తీరా చూస్తే, చాలావాటికి గూగుల్ ధ్రువీకరణ ఉండదు, కాపీ కాకుండా కాపాడే వైడ్‌వైన్ ఎల్1 అనే రక్షణ స్థాయి ఉండదు. అది లేకపోతే నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి ఎస్‌డీ బొమ్మ మాత్రమే ఇస్తాయి. ఎంత ప్లాన్ పెంచినా, ఏ సెట్టింగ్ తిప్పినా ఆ మసక పోదు.

మసకతో పోతే ఫరవాలేదు. ఇలాంటి బాక్సుల్లో కొన్నిటికి తయారీ దశలోనే దొంగ ప్రోగ్రాం ఎక్కించి అమ్ముతున్నారని 2023లో పరిశోధకులు బ్యాడ్‌బాక్స్ పేరుతో బయటపెట్టారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దాని రెండో రూపం గురించి జనానికి హెచ్చరిక ఇచ్చింది. ఆ మరుసటి నెల గూగుల్ కోర్టుకెక్కింది. దాని బారిన పడ్డ పరికరాలు కోటికి పైగా అని చెప్పింది. అలాంటి బాక్సు మీ ఇంటి వైఫైలోనే కూర్చుని, మీకు తెలియకుండా మీ కనెక్షన్‌ను ఎవరెవరికో అద్దెకిస్తుంది. అదే వైఫైలో మీ బ్యాంకు యాప్ ఉంది, పిల్లల ఫోన్లున్నాయి. రాత్రంతా టీవీ ఆపి ఉన్నా రూటర్ దీపాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయంటే ముందు ఆ బాక్సునే అనుమానించండి.

దొంగ సినిమాల యాప్‌లకూ ఇదే మాట. 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఐబొమ్మ నిర్వాహకుణ్ని అరెస్టు చేశారు. ఉచితంగా చూపించేవాడికి రాబడి ఎక్కణ్నుంచో రావాలి, అది చూసేవాళ్ల నుంచే వస్తుంది. ధ్రువీకరణ ఉన్న చిన్న బాక్సు కొని, మీరు నిజంగా చూసే ఒకటి రెండు యాప్‌లకే చందా కట్టండి. ప్రసార భారతి వారి వేవ్స్ 2024 నవంబరు నుంచి ఉంది, యూట్యూబ్‌లో వార్తా చానళ్లు చాలావరకు ఉచితమే. తక్కువ యాప్‌లున్న బాక్సు తేలిగ్గా నడుస్తుంది.

10. రిమోట్ పట్టుకునే ముందు దీపాలు చూడండి

టీవీ ఆగగానే చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. పోనివ్వకండి. ముందు ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌యూ డబ్బా దగ్గరికి వెళ్లండి. 'పాన్' దీపం పచ్చగా, కదలకుండా ఉంటే లైను బాగుంది, అప్పుడు పైన చెప్పినవి చేసుకోవచ్చు. 'లాస్' దీపం ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుగే మీ ఇంటికి చేరడం లేదు. బాక్సులో ఏ సెట్టింగ్ తిప్పినా లాభం లేదు, బాగున్నది పాడవుతుంది.

ఎర్ర దీపానికి ఇంట్లో దొరికే కారణం ఒకటుంది. సోఫా జరిపినప్పుడు పసుపుపచ్చ ఫైబర్ తీగ మడతపడుతుంది, లేదా తలుపు సందులో నలుగుతుంది. లోపల ఉన్నది గాజు పోగు. వంపు మరీ బిగిస్తే వెలుగు బయటికి జారిపోతుంది. మడత విప్పి వెడల్పాటి చుట్టగా పెట్టండి. కొసను వేలితో ముట్టుకోకండి, లోపలికి కన్ను పెట్టి చూడకండి. లైను చూసే అబ్బాయి వస్తే వెలుగు ఎంత వస్తోందో మీటరుతో కొలవమనండి. మైనస్ 25 డీబీఎంకు ఇటువైపు, అంటే సున్నా వైపు, ఉంటే మంచిది. మైనస్ 27 దాటి పడిపోతే జాయింటు మళ్లీ వెయ్యాల్సిందే. ఆ అంకె అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

కారణం వీధిలో కూడా ఉండొచ్చు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో చాలాచోట్ల స్తంభాలమీది కేబుళ్లు కోసేశారు, ఎన్నో ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది. అలాంటప్పుడు తొందరపడి మీరే స్తంభానికి తీగ కట్టే ప్రయత్నం చేయకండి. సీరియల్ రేపు చూడొచ్చు.

ఫైబర్ మీదే టీవీ చానళ్లు ఇచ్చే కంపెనీ బాక్సులకు ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఒకే తీగలో ఇచ్చి ఈ పద్ధతిని ఊళ్లకు పరిచయం చేసింది. ఇలాంటి వాటిలో టీవీ సంకేతానికి ఇంటర్నెట్‌తో కలవని వేరే దారి ఉంటుంది, దానికోసం డబ్బాలో ఒక ల్యాన్ సాకెట్ కేటాయిస్తారు. ఆ వైరును పక్క సాకెట్‌లోకి మార్చితే బాక్సు బాగున్నా చానళ్లు రావు. వైరు ఎందులో ఉందో చూసి గుర్తు పెట్టుకోండి.

కరెంటు పోయినప్పుడు ఇంటికీ కంపెనీకీ మధ్య ఫైబర్ దారిలో చాలాచోట్ల విద్యుత్ అక్కర్లేదు, మీ డబ్బాకు ఉంటే చాలు. డబ్బాకూ రూటర్‌కూ అడాప్టర్‌మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి తగిన చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు రాగానే అంతా మొదటి నుంచి లేచే బాధ తప్పుతుంది.

ఆఖరుగా: ఒక్కటొక్కటిగా, రాసుకుని

ఈ పదీ ఒకే రోజు చేయకండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. ఒక రోజు ఒక మార్పు. మార్చే ముందు పాత సెట్టింగును ఫోనుతో ఫొటో తీసుకోండి. అదే వేళకు, అదే కార్యక్రమం పెట్టి చూడండి. బాగైతే ఉంచండి, లేకపోతే ఫొటో చూసి వెనక్కి మార్చండి. మొదట వైరు, తర్వాత రిజల్యూషన్, ఆపైన 50 హెర్ట్జ్. చాలా ఇళ్లలో ఈ మూడింటితోనే గుండ్రం తిరగడం, బొమ్మ తడబడటం ఆగిపోతాయి.

కుదిరిన సెట్టింగులను ఒక కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ పక్క గోడకు అంటించండి. ఇంట్లో తెలుగు చదివేవాళ్లుంటే తెలుగులో, ఉర్దూ చదివేవాళ్లుంటే ఉర్దూలో. 'ఎర్ర దీపం వెలిగితే ఈ నంబరుకు ఫోన్ చెయ్యాలి, రిమోట్ ముట్టుకోవద్దు' అని మొదటి వాక్యంగా రాయండి. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే నానమ్మకూ, దాదీమాకూ ఆ తెరే లోకం. పిల్లలు బడి నుంచి వచ్చేదాకా ఎదురుచూడకుండా వాళ్లంతట వాళ్లు చూసుకోగలిగితేనే ఈ సెట్టింగులకు అర్థం. రంజాన్‌కో, వినాయక చవితికో, ఫైనల్ మ్యాచ్‌కో వారం ముందే ఈ పని పూర్తి చేసి, వాళ్ల చేతికి రిమోట్ ఇచ్చి ఒకసారి వాళ్ల చేతనే పెట్టించి చూడండి.